తోకతో నిప్పు కక్కే మంద

నూకరాజు పెంచిన రాక్షసి నోటితో నిప్పు కక్కాలి. అది తోకతో కక్కింది. ఎదురుగా కోటగుమ్మంలో నిలబడ్డ మహారాక్షసుడికి వెంట్రుక కూడా కాలలేదు గానీ, వెనకాల వరసగా నిలబడ్డ నూకరాజు సొంత రాక్షసులు రెండూ బొగ్గులైపోయి, కళ్ళు మాత్రం టపటపలాడించుకుంటూ మిగిలాయి.

నూకరాజు నవ్వాడు. పక్షవాతం వచ్చాక నవ్వు ఎడమవైపుకి మాత్రమే వచ్చేది. ఆ సగం నవ్వుకే మడతమంచం కిర్రుమంది.

"మళ్ళీ సొంతోళ్ళనే కాల్చేసిందా?" అంది పాపాయమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే. "నీ పెంపకం అలాగే ఉంటాది మావా."

అతను పలక లాంటి ఆ తెరని ఆమె వైపు తిప్పి చూపించాడు. ఆమె కట్టెపుల్ల చేత్తో పట్టుకునే వచ్చి, చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మహారాక్షసుడు గుమ్మంలో ఇరుక్కుపోయి నాలుగు నెలలైంది. తయారుచేసినవాళ్ళు గుమ్మం కొలత ఒకటి రాసి, వాడి బొజ్జ కొలత ఇంకొకటి రాశారు. ముందుకీ రాలేడు, వెనక్కీ పోలేడు. ఎవరు దగ్గరికెళ్ళినా "నీ చావు మూడింది!" అని గర్జించి, కదల్లేక ఊరుకునేవాడు. పాపాయమ్మకి వాడి మీద జాలి కలిగి, రోజూ పొద్దున్నే తెర ముందు కూర్చుని "తిన్నావా నాయనా?" అని పలకరించేది.

ఇలాంటి ఆటని పట్టుకుని ఆ మొగుడూ పెళ్ళాం అంతలా మురిసిపోవడానికి కారణం ఉంది.

నూకరాజు నలభై అయిదేళ్ళు గోదావరి పంటకాలవల వెంట బాతులు మేపినవాడు. కోతలైన చేలల్లో మందని దింపడం, చీకటి పడకముందే వలదడిలోకి తోలడం, పొద్దున్నే గుడ్లేరడం. ఇదంతా పైకి కనిపించే పని. అసలు పని కబుర్లు చెప్పడం. ఒక ఏడాది నత్తలు ఎంతలా బలిశాయంటే వానొస్తే వాటి గుల్లల్లో దూరి తలదాచుకున్నామనేవాడు. తన మందలో ఒక బాతు పెట్టిన గుడ్డుని ఒడ్డుకి చేర్చడానికి లాకుల దగ్గర పడవవాళ్ళని పిలవాల్సి వచ్చిందనేవాడు. వినేవాళ్ళు నమ్మకపోతే ఇంకొంచెం పెద్దది చెప్పేవాడు.

వాటన్నిటికీ తలమానికం పెళ్ళాన్ని కాపరానికి తెచ్చుకున్న కథ. ఆ ఏడు తుపాను వచ్చి పడవలు ఆగిపోయాయట. అత్తారింటి నుంచి పెళ్ళాన్ని తీసుకురావాలి. ఏం చేస్తాడు? నాలుగొందల బాతుల్ని నీళ్ళల్లో బారులు తీర్చి, వాటి వీపుల మీద తలుపు పరిచి, తలుపు మీద పీట వేసి, పీట మీద పాపాయమ్మని కూర్చోబెట్టి గోదావరి దాటించాడు. నడి గోదావరిలో ఒక బాతుకి గుడ్డొచ్చిందట. అది ఆగింది కదా అని మిగతా మూడువందల తొంభై తొమ్మిదీ మర్యాదగా ఆగాయట. గుడ్డు పెట్టడం అయ్యాకే అన్నీ మళ్ళీ బయల్దేరాయట.

పాపాయమ్మ నలభై ఏళ్ళుగా ఒకే జవాబు చెప్పేది. "తలుపు కాదు, తడిక. గోదారి కాదు, పంటకాలవ. బాతులు నలభై. అయ్యి మొయ్యలేదు, పక్కన ఈదాయి. పీకల్దాకా నీళ్ళల్లో దిగి తోసింది ఈ పెద్దమనిషే."

ఎనిమిది నెలల కిందట ఒక పొద్దున, వలదడి విప్పుతూ నూకరాజు గట్టు మీద కూలబడ్డాడు. చెయ్యి కొంత తిరిగొచ్చింది. కాలు ఈడుస్తూ నడక వచ్చింది. మాట రాలేదు. కబుర్లన్నీ లోపల అలాగే ఉన్నాయి. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. నోరు తెరిస్తే మాత్రం "ఊ" తప్ప ఏదీ బయటికి రాదు. బాతుల్ని తోడల్లుడికి అప్పగించేశారు. ఇంట్లో ఇక అబద్ధం చెప్పేవాడూ లేడు, కాదనేవాళ్ళూ లేరు.

కాకినాడలో 'నుడి' అనే చిన్న ప్రయోగశాల నుంచి మెహర్ అనే అమ్మాయి స్కూటరేసుకుని మొదటిసారి వచ్చినప్పుడు, పాపాయమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అడిగింది ఒకటే.

"నీళ్ళు కావాలంటే చూపిస్తాడు, అన్నం చూపిస్తాడు. దాని గురించి కాదమ్మా. ఆ దిక్కుమాలిన తలుపు కథ ఒక్కసారి చెప్పగలిగేలా చెయ్యి. నేను కాదనాలి."

మెహర్ నవ్వలేదు. సంచీలోంచి ఒక మెత్తని పట్టీ తీసి నూకరాజు గొంతుకి చుట్టి, వాళ్ళు తయారుచేసిన ఆట ఉన్న తెర అతని చేతికిచ్చింది.

మాట బయటికి రాకముందు గొంతులో ఒక వణుకు పుడుతుందట. మెదడులో దారి తెగినవాళ్ళకి మాట పెదవిదాకా రాదు గానీ, ఆ వణుకు తప్పో ఒప్పో పుడుతూనే ఉంటుంది. ఒక్కో మనిషిది ఒక్కో తప్పు. దాన్ని వందలసార్లు ఓపిగ్గా విని, ఓహో ఈయన నీళ్ళు అనబోతున్నాడని పోల్చుకునే తీరిక మనుషులకి లేదు. రాక్షసులకి ఉంది. ఆటలో గుడ్డు పగిలి పుట్టిన బుల్లి రాక్షసి, తనని పెంచినవాడి గొంతు ఒక్కటే వింటూ పెరుగుతుంది. వాడు పెట్టే గింజలు తింటుంది, వాడి కోసం కొట్లాడుతుంది. చివరికి ఒక్క మాట పట్టుకుంటుంది. ఇక వాడి గొంతు ఆ మాట కోసం వణికినప్పుడల్లా, వాడి పాత కంఠంతోనే ఆ మాట పైకి అంటుంది. దాన్ని విని విని, అనుకరించి అనుకరించి, మనిషి తన నోటితో అనడం నేర్చుకోవాలి. అదీ మెహర్ వాళ్ళ ఆశ.

పాత కంఠం కోసం వెతికితే, నూకరాజుది ఒకే ఒక్క రికార్డింగు దొరికింది. మేనకోడలి పెళ్ళిలో వీడియోవాడికి పట్టుబడి చెప్పిన తలుపు కథే అది. అందుకే అతని రాక్షసులు "చాలు" అన్నా సరే, కొంచెం కోతలు కోస్తున్నట్టే వినిపించేది.

మొదటి పదిరోజులూ ఒక్క రాక్షసీ రాలేదు. "రా అని పిలవడానికి ప్రయత్నించండి తాతగారూ" అని మెహర్ బతిమాలేది. అతని గొంతులో వణుకు ముడిపడిపోయేది. చివరికి ఒళ్ళుమండి, తలెత్తి, నలభై అయిదేళ్ళు గట్ల మీద అరిచిన అరుపు అరిచాడు.

"తిరివో... తిరివో... బ్బా బ్బా బ్బా!"

పొయ్యి దగ్గర పాపాయమ్మ చేతిలో గరిటె జారిపడింది. తెర మీద ఉన్న రాక్షసులన్నీ, ఒక్కసారికి మూడిటికి మించి దొడ్డి దాటకూడదన్న నియమాన్ని తుంగలో తొక్కి, బిలబిలమంటూ తెర అంచుకి వచ్చి నిలబడ్డాయి.

"మాటలు ఒక గదిలో ఉంటాయి తాతగారూ" అంది మెహర్ కళ్ళు తుడుచుకుంటూ. "కేకలూ పాటలూ ఇంకో గదిలో. మీది ఆ గది కూలలేదు."

అప్పటినుంచి ఆ ఆట నూకరాజు పాలిట పొలమైంది. దాంట్లో తప్పులు లేని చోటు లేదు. కొట్లో కూర్చున్న రాక్షస శెట్టి వచ్చినా వెళ్ళినా "శుభోదయం" తప్ప ఇంకోటి అనడు. ఒక జాతి రాక్షసులు వాన పడితే తలకిందులుగా నడుస్తాయి. గుడ్డుని గోడకేసి నొక్కితే ముందే పగులుతుంది. మెహర్ వచ్చినప్పుడల్లా సిగ్గుపడుతూ అవన్నీ పుస్తకంలో రాసుకునేది. నూకరాజు మాత్రం అవి దిద్దొద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు. తలకిందులుగా నడిచే జంతువుని తన కబుర్లలో కూడా ఎప్పుడూ సృష్టించలేకపోయానని అతని లోపలి బాధ.

రాక్షసులకి బాతులకి పెట్టినట్టే పేర్లు పెట్టుకున్నాడు. మచ్చది, గయ్యాళిది, కుంటిది, పొట్టిమెడది. మొత్తం పదిహేడు. మొదట మచ్చది "నీళ్ళు" అంది. తరవాత కుంటిది "చాలు" అంది. ఆ తరవాత నెలన్నర గడిచినా ఇంకొక మాట రాలేదు. కథ చెప్పడానికి ఆ రెండు మాటలూ చాలవు.

అలాంటి రోజుల్లో, దొడ్డి ఉత్తరపు గోడ మూలన గయ్యాళిది తోసిన తోపుకి పొట్టిమెడది గోడలోంచి అవతలికి వెళ్ళిపోయింది. నూకరాజు తెరకి మొహం ఆనించి చూశాడు. గోడ ఉంది. రాళ్ళు కనిపిస్తున్నాయి. కానీ అది బొమ్మగోడ. అక్కడ కంత ఉంది.

కంత అవతల ఎవరిదో పొలం. యుద్ధాలు చేసి చేసి వదిలేసిన పొలం. ప్రతి యుద్ధానికీ రాలే మినుకుమినుకు గింజలు, ఎవరూ ఏరక, ఎక్కడివక్కడ పడి వెలుగుతున్నాయి. దాని అవతల ఇంకో పొలం, దాని అవతల ఇంకోటి. కోసిన చేలో రాలిన గింజ బాతులదే. ఆ కాలవల మీద అది ఎవరూ కాగితం మీద రాయని చట్టం. రైతులు పిలిచి మరీ మేపమంటారు. పురుగూ నత్తా పోతాయి, చేనుకి ఎరువు పడుతుంది. బాతులవాడు రాలిన గింజల్ని చూసి మందని ఇంట్లో కట్టేశాడంటే వాడికేదో జబ్బు చేసిందని అర్థం.

నూకరాజు అరుపు అరిచాడు. పదిహేడింటినీ కంతలోంచి తోలాడు.

పదిరోజులు మేపాడు. రాక్షసులు నిగనిగలాడాయి, మాటలు పట్టడం మొదలుపెట్టాయి. గయ్యాళిది "తుపాను" అంది. ఇంకోటి "బాతులు", ఇంకోటి "గోదారి". పొట్టిమెడది, అన్నిటికన్నా చిన్నది, ఒకరోజు మధ్యాహ్నం మెడ సాచి "తలుపు" అంది. ఆ మాటకి పాపాయమ్మ అలవాటుగా "తలుపు కాదు" అని, సగంలో ఆగి, లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

"పీట" వచ్చింది. "గుడ్డు" వచ్చింది. ఇంకో రెండు మూడు మాటలు పడితే కథ గట్టెక్కినట్టే.

పదోరోజు సాయంత్రం కంత దగ్గర జంటలు జంటలుగా లెక్కపెడితే, పదిహేడు వెళ్ళిన మంద ఇరవై మూడై వచ్చింది. మర్నాడు నలభై. నిజం గట్టు మీదైతే అవతలి కాపరిని కేకేసి చెప్పేవాడు. ఇక్కడ అవతల మనిషన్నవాడు కనిపించడు. ఆటలో ఎన్ని తప్పులున్నాయో, ఇదీ ఒకటిలే అనుకున్నాడు. దొడ్డి నిండుగా ఉంటే బాతులవాడికి సంతోషం. ఆ సంతోషంలో ఆలోచన కాస్త వెనకబడింది.

ఆ బుధవారం మధ్యాహ్నం మెహర్ హెల్మెట్ తియ్యకుండానే ఇంట్లోకి వచ్చింది.

"మామ్మగారూ, తాతగారి తెర ఒకసారి ఇవ్వండి." చూసింది. అలాగే నేల మీద కూర్చుంది. "ఇక్కడున్నాయా... ఇన్నీ ఇక్కడే ఉన్నాయా."

"ఏటమ్మా? ఏవైంది?"

"మొత్తం పదకొండుమంది ఈ ఆట ఆడుతున్నారు మామ్మగారూ. అందరి రాక్షసులూ కలిసిపోయాయి. ఏది ఎవరిదో మాకు తెలీదు."

"మరి పేర్లు రాసి పెట్టుకోలేదా?"

మెహర్ మొహం ఎర్రబడింది. "ఏ దొడ్డిలో ఉంటే ఆ దొడ్డివాళ్ళదని రాసుకున్నాం. గోడలోంచి రాక్షసి అవతలికి పోతుందని ఎవరనుకుంటారు?"

చిక్కు అంతటితో పోలేదు. రాక్షసి దొడ్డిలో ఉండగా వేరే గొంతు పదేపదే వింటే ఆ కొత్త గొంతుని నేర్చుకోవడానికి తంటాలు పడి, పాత మాట మరిచిపోతుంది. ఒక్కోదాన్నీ ఒక్కో గొంతుతో సరిచూద్దామంటే, ఆ సరిచూడడంలోనే మాటలన్నీ చెరిగిపోతాయి. అందుకని ప్రయోగశాల పెద్ద రామభద్రం గారు నిర్ణయించేశారు. రేపు మధ్యాహ్నం మొత్తం చెరిపేసి, నెలన్నర కిందట దాచిన పాత ప్రతిని పెట్టేస్తారు. కంతలన్నీ మూసేస్తారు.

"నెలన్నర కిందటంటే..." అంది పాపాయమ్మ.

"తాతగారికి నీళ్ళు, చాలు. రెండే మాటలు." మెహర్ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కరుణకుమారి టీచర్ గారని ఒకావిడ ఉన్నారు. వాళ్ళమ్మాయి పేరు అమూల్య. తలకి దెబ్బ తగిలి ఏడాదైంది, మొన్న ఆదివారమే ఆవిడ రాక్షసి ఆ పేరు పలికింది. ఆ పిల్ల రోజంతా ఆ తెర పక్కనే కూర్చుందట, మళ్ళీ అనమ్మా, మళ్ళీ అనమ్మా అని. నిన్న పొద్దున్నుంచి ఆ రాక్షసి కనబడ్డం లేదు."

నూకరాజు తల వంచుకున్నాడు. దొడ్డిలో మచ్చది పక్కన ఎర్ర కొమ్ముల రాక్షసి ఒకటి ముడుచుకుని పడుకుని ఉంది. అది తనది కాదు. దాని రెక్క కింద పొట్టిమెడది దూరి నిద్రపోతోంది.

మేపింది తను. తోలింది తను. పరాయి బాతు మందలో కలిసిందని తెలిసీ కేకెయ్యని కాపరిని ఆ కాలవల మీద ఏమంటారో అతనికి బాగా తెలుసు. ఆ మాట అతను చాలామందిని అన్నాడు.

మర్నాడు గురువారం. గురువారాలు మిగతా పదిమందీ ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకుని ప్రయోగశాల హాల్లో చేరి ఆడుకోవడం అలవాటు. నూకరాజు ఎప్పుడూ కాలు నొప్పని వెళ్ళేవాడు కాదు. ఆ రోజు తెల్లారేసరికి చొక్కా తొడుక్కుని, చూరులోంచి తన పాత వెదురుగడ లాగి, గుమ్మంలో నిలబడ్డాడు. గడ చివర తాటాకు ముక్క ఇంకా వేలాడుతూనే ఉంది.

"అదెందుకు మావా? బస్సులో పట్టదు."

అతను గడ వదల్లేదు. కండక్టరు గొడవ పెట్టుకుంటే పాపాయమ్మ "దాన్ని వదిలితే ఆయన పడిపోతాడు బాబూ" అని సర్దిచెప్పింది. కిటికీలోంచి గడ చివర బయటికి పెట్టుకునే ఇద్దరూ కాకినాడ చేరారు.

హాలు నిశ్శబ్దంగా ఉంది. పదకొండుమంది మాటలు పోయినవాళ్ళు ఉన్నచోట వాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు మాట్లాడుతుంటారు మామూలుగా. ఆవేళ వాళ్ళూ మాట్లాడడం లేదు. కిటికీ పక్కన కుర్చీలో జుట్టు దగ్గరగా కత్తిరించుకున్న ఒకావిడ, ఆమె మోకాలి మీద తల పెట్టుకుని పదేళ్ళ ఆడపిల్ల. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

రామభద్రం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ లేచారు. మంచి మనిషే. రెండు రాత్రులు కునుకు లేనట్టున్నారు. "తప్పు మాదే. కొత్తగా మొదలుపెడదాం. ఈసారి గోడలు గట్టిగా కడతాం" అన్నారు.

నూకరాజు గడని నేలకేసి ఠప్పున కొట్టాడు.

అందరూ తిరిగి చూశారు. అతను ఎడమచేత్తో గాలిలో గట్టు గీశాడు. ఇటు ఒకటి, అటు ఒకటి. తను ఇటు నిలబడ్డాడు. తరవాత కాలీడ్చుకుంటూ వెళ్ళి అటు నిలబడ్డాడు. గడ భుజానికి ఆనించి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నట్టు చూపించాడు. మధ్యలో బిలబిలమంటూ నడిచేవాటిని వేళ్ళతో చూపించాడు.

"ఏమంటారండీ ఈయన?" అన్నారు రామభద్రం గారు.

పాపాయమ్మ మొదట "కాలవ దాటాలంటన్నాడు" అంది. నూకరాజు తల అడ్డంగా ఊపాడు. "బువ్వ పెట్టమంటన్నాడు." కాదు. అతను గడ ఆమె చేతికిచ్చి, దూరంగా నిలబెట్టి, ఆమె నోటి దగ్గర చెయ్యి పెట్టాడు. అప్పుడు ఆమెకి వెలిగింది.

"ఓరి నా మావా! మందలు కలిసిపోతే చేసేది! అయ్యగారూ, రెండు మందలు చేలో కలిసిపోతే బాతుల్ని పట్టుకుని ఏరరండీ. ఏరితే బెదిరి చస్తాయి. మొత్తం మందని మైదానంలోకి తోలి, ఈ గట్టు మీద ఒకడు, ఆ గట్టు మీద ఒకడు నిలబడి ఎవడి కేక వాడు వేస్తాడు. ఎవడి బాతులు వాడి దగ్గరికి వెళ్ళిపోతాయండి. బాతుకి తన మనిషి కేక తెలుసండి."

మెహర్ చటుక్కున తలెత్తింది. "దొడ్డి బయట అవి కొత్తగా నేర్చుకోవు సార్! వింటాయి, అంతే. బయటికి తోలితే మాటలు చెరగవు."

"బానే ఉంది" అన్నారు రామభద్రం గారు నెమ్మదిగా. "పిలవాలి కదమ్మా. వీళ్ళు ఎవరూ మాట్లాడలేరు."

నూకరాజు గడ వెనక్కి తీసుకుని, గొంతుపట్టీ సవరించుకున్నాడు. తలెత్తాడు.

"తిరివో... తిరివో... బ్బా బ్బా బ్బా!"

హాలు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అమూల్య ఉలిక్కిపడి, తరవాత కిసుక్కుమంది.

గోడ మీద పెద్ద తెర దించారు. కోట ముందు మైదానం, దాని చుట్టూ ఒక్కొక్కరికీ ఒక్కో గట్టు. గుమ్మంలో ఇరుక్కున్న మహారాక్షసుడు "నీ చావు మూడింది!" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. నూకరాజు పదకొండు దొడ్లలో చెదిరిన రాక్షసుల్ని కంతల గుండా ఒక్కొక్క వరసగా మైదానంలోకి తోలుకొచ్చాడు. తనవి కేకకి వచ్చాయి. పరాయివి మందతోపాటు వచ్చాయి. తొందరపెట్టలేదు, ముందు నడవలేదు. వెనకే ఉన్నాడు. నూట తొంభై రాక్షసులు మైదానంలో కిచకిచలాడుతుంటే, అతనికి ఎనిమిది నెలలుగా లేని ఊపిరి వచ్చింది.

"ఇక పిలవండి" అంది మెహర్. "మాట వద్దు. మీదైన చప్పుడు ఏదైనా సరే."

బతికినన్నాళ్ళూ మాటలతో బతికినవాళ్ళు, మాట కానిదాన్ని నలుగురిలో బయటపెట్టడానికి సిగ్గుపడ్డారు. మొదట ఒక ముసలాయన దగ్గాడు. చుట్ట కాల్చేవాళ్ళ దగ్గు, అడుగునుంచి వచ్చేది. మైదానంలో పద్నాలుగు తలలు లేచాయి. ఇంకొకాయన ఎద్దుల్ని అదిలించే చప్పుడు నాలుకతో చేశాడు. ఒక నడివయసు ఆమె కళ్ళు మూసుకుని మాటల్లేని జోల తీసింది. ఒకాయనకి ఏమీ తోచక పక్కవాళ్ళని చూసి నవ్వొచ్చింది. ఆ నవ్వుకే ఆయన రాక్షసులు దౌడు తీశాయి. హాలంతా దగ్గులూ జోలలూ ఈలలూ అదిలింపులూ. బయట నడిచిపోతున్నవాళ్ళు కిటికీల దగ్గర ఆగారు.

కరుణకుమారి టీచరు మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయి ఉంది.

"అమ్మా," అంది అమూల్య, "క్లాసులోకి వచ్చేముందు అంటావే, అది అను."

టీచరు నిటారుగా కూర్చుంది. "ఉహ్హుఁ" అని గొంతు సవరించుకుంది. యాభైమంది పిల్లల్ని ఒక్కసారిగా బెంచీల్లో కూర్చోబెట్టగల సవరింపు అది. హాల్లో దగ్గేవాళ్ళు కూడా ఆగిపోయారు. మైదానంలో చెల్లాచెదురుగా ఉన్న ఆమె రాక్షసులు వరస కట్టి, నడిచి, ఆమె గట్టు కింద నిలబడ్డాయి.

మంద విడిపోయింది. మధ్యలో రెండు మిగిలాయి. ఎర్ర కొమ్ములది, దాని రెక్క కింద పొట్టిమెడది.

"ఆ కొమ్ములదే" అంది అమూల్య ఊపిరి బిగబట్టి. "అదే నా పేరు అనేది."

టీచరు మళ్ళీ సవరించుకుంది. ఎర్ర కొమ్ములది నాలుగడుగులు వేసి, పొట్టిమెడది రాకపోయేసరికి ఆగిపోయింది. నూకరాజు కేక వేశాడు. పొట్టిమెడది బయల్దేరింది. దాని వెనకే ఎర్ర కొమ్ములది కూడా వచ్చేసింది, నూకరాజు గట్టు వైపు. అమూల్య చెయ్యి తల్లి చేతిలో చల్లబడిపోయింది.

అవి జోడు కట్టాయని నూకరాజు కంటికి తెలిసిపోయింది. జోడు కట్టినవాటిని విడదీస్తే రెండూ మేత ముట్టవు. ఇంకోసారి పిలిస్తే రెండూ తనవే. "తలుపు" తనదే. తలుపు లేకపోతే కథ లేదు. పీట దేనిమీద వేస్తాడు? పెళ్ళాన్ని దేనిమీద కూర్చోబెడతాడు?

అతను పాపాయమ్మ వైపు చూశాడు. ఆమె అమూల్యనే చూస్తోంది.

నూకరాజు కేక మింగేశాడు. తెర మీద తన కాపరి బొమ్మని ఆ రెండిటి వెనక్కి నడిపించి, మెల్లగా, బెదరకుండా, రెండిటినీ టీచరు గట్టుకి తోలాడు. కింద, హాల్లో, అతని చేతిలో వెదురుగడ కూడా దానంతటదే ఊగింది.

మెహర్ దొడ్లన్నీ మూసి, ఏది ఎవరిదో ఈసారి గొంతుతో సహా రాసుకుంది. నిజంగా మాటలు మిగిలాయో లేదో చూడాలన్నారు రామభద్రం గారు. టీచరు గొంతు వణికింది. ఎర్ర కొమ్ములది తలెత్తి, ఏడాది కిందటి నిండైన కంఠంతో, "అమూల్య" అంది. ఆ పిల్ల ఈసారి మళ్ళీ అనమనలేదు. తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది.

ఒక్కొక్కరే అయ్యారు. చివర నూకరాజు వంతు వచ్చింది.

అతను కాస్త ముందుకి జరిగి కూర్చున్నాడు. కబురు మొదలుపెట్టేముందు కూర్చునే కూర్చోడం అది. పాపాయమ్మ చూసి, కొంగు నడుముకి దోపుకుంది.

"తుపాను" అంది గయ్యాళిది పెళ్ళి వీడియోలో కంఠంతో. "గోదారి" అంది ఇంకోటి. "బాతులు" అంది మరోటి. మధ్యలో ఖాళీల్ని అతను ఎడమచేత్తో పూరించాడు. గాలి ఎలా వీచిందో, పడవలు ఎలా బోర్లాపడ్డాయో, బాతులు ఎలా బారులు తీరాయో. హాల్లో వాళ్ళు ముందుకి వంగారు. బాతుల వీపుల మీద రెండు చేతులూ వెడల్పుగా పరిచాడు. ఏదో పరిచాడు. ఏం పరిచాడు?

రాక్షసులు ఊరుకున్నాయి. ఆ మాట పట్టిన రాక్షసి ఇప్పుడు పరాయి దొడ్డిలో ఎర్ర రెక్క కింద ఉంది.

నూకరాజు గొంతు వణికింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ వణికింది. మెడ నరాలు ఉబ్బాయి. ఎడమ పెదవి కదిలింది, కుడి పెదవి దాన్ని అందుకోవడానికి పాకులాడింది.

"త..." అన్నాడు.

తెర మీద రాక్షసులు కాదు. అతనే.

"తా... తడి..." గాలి పీల్చుకున్నాడు. "తడిక."

పాపాయమ్మ నోరు తెరిచింది. నలభై ఏళ్ళుగా ఆ జాగాలో తన వంతుకి ఒక మాట సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఆ మాట అతని నోట్లోంచే వచ్చేసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. కొంచెం భయంగా, కొంచెం కొంటెగా.

"తడికేంటి మావా?" అంది పాపాయమ్మ. హాలంతా వినపడేలా అంది. "మతుండే మాటాడుతున్నావా? తలుపు! మా నాన్న ఇంటి సింహద్వారం తలుపు, ఇత్తడి గుబ్బలు కొట్టింది. నేను కూచున్నాను కదా, నాకు తెలీదా? బాతులు కూడా నాలుగొందలు కాదండీ అయ్యగారూ, వెయ్యి. ఈయనకి లెక్కలు రావు."

హాలు ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వింది. మాటలు లేకపోయినా నవ్వులు అందరి దగ్గరా ఉన్నాయి. రామభద్రం గారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంటూ, "ఉత్తరపు గోడ..." అని మెహర్‌తో ఏదో అనబోయారు.

"కంత పూడ్చొద్దు సార్" అంది మెహర్. "తలుపు పెడదాం. కాపలాకి తాతగారున్నారు."

నూకరాజు వాళ్ళ మాట వినిపించుకునే స్థితిలో లేడు. నడి గోదావరిలో ఉన్నాడు. చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నాడు. వెయ్యి బాతులూ ఆగాయి. ఒక బాతుకి గుడ్డొస్తోంది.